రైలు టిక్కెట్టుకో లెక్కుంది!

ఇంగ్లండులో చదువుకుంటున్న కూతురు ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"అమ్మా, నిన్న మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్లా. ఒకటే రైలు. టిక్కెట్లు మాత్రం రెండు కొన్నా. డబ్బులు మిగిలాయి తెలుసా!"

ఇబ్రహీంపట్నంలో ఉన్న తల్లికి బోధపడలేదు. "ఒక రైలుకి రెండు టిక్కెట్లేంటే? మధ్యలో దిగి ఎక్కావా?"

"దిగలేదమ్మా. కూచున్న సీట్లోనే కూచున్నా."

"మరి రెండెందుకే తల్లీ?"

అలాంటి ఇంటిని ఒకదాన్ని అనుకుందాం. కష్టమేమీ కాదు. విజయవాడ చుట్టుపక్కల ఏ వీధి తీసుకున్నా సముద్రం దాటిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లు అక్కడికెళ్లిన నెలరోజుల్లో నేర్చుకునే విద్యల్లో మొదటిది వంట, రెండోది రైలు టిక్కెట్టు కొనడం. బ్రిటన్‌లో రైలు టిక్కెట్టు కొనడం నిజంగానే ఒక విద్య. మన దగ్గర మాత్రం అదేమీ విద్య కాదని, కౌంటర్లో ఎంత చెబితే అంత ఇచ్చి రావడమేనని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఖరీదైనది.

అక్కడ విడివిడిగా... ఇక్కడ కలివిడిగా!

బ్రిటన్‌లో రైళ్లను 1990ల మధ్యలో ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. 2025 మే 25న సౌత్ వెస్టర్న్ రైల్వేతో మొదలుపెట్టి మళ్లీ ఒక్కొక్కటిగా ప్రభుత్వం చేతికి తెచ్చుకుంటున్నారు. ఈ మధ్యకాలంలో ఛార్జీల పట్టిక చిక్కుపడ్డ దారపుండలా తయారైంది. ఒకే రైలుకి, ఒకే సీటుకి నాలుగైదు రేట్లు. ఏ వేళైనా ఎక్కే టిక్కెట్టుకి ఒక రేటు, రద్దీ లేని వేళల్లో ఎక్కేదానికి ఇంకో రేటు, వారాల ముందే ఫలానా రైలుకని కట్టుబడి కొనేదానికి మరో రేటు. ముందుగా కొన్నవాడికి చౌక. ఆఖరి నిమిషంలో స్టేషన్‌కి పరిగెత్తినవాడికి వాత.

ఇందులోనే ఒక వింత. మాంచెస్టర్ నుంచి లండన్‌కి ఒకే టిక్కెట్టు కొనేబదులు మాంచెస్టర్ నుంచి స్టోక్‌కి ఒకటి, స్టోక్ నుంచి లండన్‌కి ఒకటి కొంటే కొన్నిసార్లు మొత్తం తగ్గుతుంది. రైలు మారక్కర్లేదు, సీటూ మారక్కర్లేదు. ఆ రైలు స్టోక్‌లో ఆగితే చాలు. ఇది దొంగతనం కాదు, అక్కడి నిబంధనలే ఒప్పుకుంటాయి. పాతికేళ్లలోపు వాళ్లకు ఏడాదికి ముప్పై అయిదు పౌండ్ల రైల్‌కార్డు ఒకటుంది. అది చూపిస్తే టిక్కెట్టు ధరలో మూడోవంతు తగ్గిస్తారు. కాకపోతే మామూలు రోజుల్లో పొద్దున నాలుగున్నర నుంచి పది వరకు కనీసం పన్నెండు పౌండ్లు కట్టాలన్న మెలిక పెట్టారు. జూలై, ఆగస్టుల్లో ఆ మెలిక ఉండదు. పిల్లలు కాలేజీకి పొద్దున్నే వెళ్తారని తెలిసే పెట్టినట్టున్నారు!

కూతురి మాట విని తల్లి ఇక్కడ అదే పని చేస్తే? విజయవాడ నుంచి విశాఖపట్నానికి స్లీపర్ టిక్కెట్టుని రాజమండ్రి దగ్గర విరిచి రెండుగా కొంటే?

చేతి చమురు వదులుతుంది.

మన రైల్వే ఛార్జీ కిలోమీటరుకింత అని ఒకే రేటు కాదు. మొదటి కిలోమీటర్లకు రేటెక్కువ. దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. టెలిస్కోపిక్ రేటు అంటారు దాన్ని. వెయ్యి కిలోమీటర్ల టిక్కెట్టు ఖరీదు అయిదువందల కిలోమీటర్ల టిక్కెట్టుకి రెట్టింపు ఉండదు, అంతకన్నా తక్కువే. టిక్కెట్టుని విరిచామంటే ఎక్కువ రేటున్న 'మొదటి కిలోమీటర్లు' రెండుసార్లు వస్తాయి. ఇంకోటి, స్లీపర్‌లో ఎంత దగ్గర ప్రయాణమైనా కనీసం 200 కిలోమీటర్లకు కట్టాలి. థర్డ్ ఏసీలో కనీసం 300. విజయవాడ నుంచి రాజమండ్రి దాదాపు 150 కిలోమీటర్లే కాబట్టి లేని యాభై కిలోమీటర్లకూ డబ్బు కట్టినట్టే. ఆపైన రిజర్వేషన్ రుసుము స్లీపర్‌కి 20 రూపాయలు, సూపర్‌ఫాస్ట్ అయితే మరో 30. ఇవీ రెండుసార్లు. కాబట్టి అక్కడ విరిస్తే లాభం, ఇక్కడ కలిపితే లాభం.

దూరాభారం లేని పగటి ప్రయాణానికి స్లీపర్ అడగడమే దండగ. విజయవాడ నుంచి రాజమండ్రికో, ఒంగోలుకో వెళ్లేవాళ్లకు రెండో తరగతి సిట్టింగ్ ఉన్న బండి దొరికితే అదే నయం. అందులో రిజర్వేషన్ రుసుము 15 రూపాయలు. ఒకవేళ నేరుగా సీటు లేక, నెల్లూరు దాకా ఒక బెర్తు, అక్కణ్నుంచి ఇంకో బెర్తు ఖాళీగా కనబడితే రెండు టిక్కెట్లు కొనుక్కోవచ్చు. అప్పుడు కొనేది చౌకదనాన్ని కాదు, కూచునే చోటుని. ఆ తేడా తెలిసి కొంటే సరే.

కొండపల్లా? బెజవాడా?

ఇక్కడ చెబుతున్నది కృష్ణ ఒడ్డున, ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఇబ్రహీంపట్నం గురించి. హైదరాబాద్ పక్కనున్నది కాదు. ఈ పేరున్న ఊళ్లు తెలంగాణలోనూ ఉన్నాయి కాబట్టి ముందే చెప్పుకోవడం మంచిది. ఈ ఊరికి ఒక చిత్రమైన సంగతుంది. థర్మల్ కేంద్రానికి బొగ్గు రైలెక్కి నేరుగా లోపలికొస్తుంది. మనుషులు రైలెక్కాలంటే మాత్రం పక్కనున్న కొండపల్లికి పోవాలి. కొండపల్లి స్టేషన్ చిన్నదేమో గానీ ఆ దారి పాతది. నిజాం కాలంలో, 1889లో హైదరాబాద్ వైపు నుంచి బెజవాడకు వేసిన లైనది. విజయవాడ అని పేరు మారినా రైల్వే వాళ్ల కోడ్ ఇప్పటికీ బీజడ్ఏ. అంటే బెజవాడే!

కొండపల్లిలో ఆగే బండ్లు తక్కువ. ఫోన్లో 'కొండపల్లి నుంచి చెన్నై' అని వెతికి, ఏమీ లేదనుకుని ప్రైవేటు బస్సుకి పోయేవాళ్లున్నారు. వెతకాల్సింది విజయవాడ నుంచి. కొండపల్లి నుంచి విజయవాడకు ప్యాసింజర్‌లో పది రూపాయలు. కొవిడ్ తర్వాత ఆ కనీస ఛార్జీని ముప్పై చేసి, 2024 ఫిబ్రవరిలో తిరిగి పదికి దించారు. రోజూ తిరిగే ఉద్యోగులకు నెల పాసు ఇంకా చౌక. మూడు నెలల పాసుకి మూడు నెలల డబ్బు కాకుండా 2.7 నెలలదే తీసుకుంటారు. పాసుంది కదా అని రిజర్వేషన్ పెట్టెలో ఎక్కితే జరిమానా ఖాయం.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక లెక్క కొంచెం మారింది. ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర బస్సెక్కితే విజయవాడ బస్టాండ్ దాకా ఖర్చుండదు. అక్కణ్నుంచి సామానుతో స్టేషన్‌కి ఆటో. పొద్దుటి బండికైతే ఆ ఆటో అడిగే డబ్బులు కొండపల్లి ప్యాసింజర్‌కయ్యే పది కన్నా ఎక్కువ. ఉచితమన్న మాట విని పైలెక్క మరచిపోకూడదు. అలాగని ప్యాసింజర్‌ని నమ్ముకుని ఎక్స్‌ప్రెస్‌కి అరగంట వ్యవధి పెట్టుకోవడమూ సాహసమే. విజయవాడ ముందు సిగ్నల్ దగ్గర బండి నిలబడితే ఎంతసేపు నిలబడుతుందో డ్రైవర్‌కీ తెలియదు. జంక్షన్‌లో పనులున్నప్పుడు కొన్ని బండ్లను విజయవాడ రానివ్వకుండా రాయనపాడు మీదుగా మళ్లిస్తుంటారు. ఇబ్రహీంపట్నం వాళ్లకు రాయనపాడు దగ్గరే కాబట్టి అది కష్టమేమీ కాదు. ముందు రోజు రాత్రి 139కి ఫోన్ చేసి కనుక్కుంటే చాలు.

అడిగితేనే ఇచ్చే రాయితీ

మళ్లీ ఆ ఇంటి సంగతికి వద్దాం. అమ్మకు యాభై రెండేళ్లు. రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కి చెన్నై అడయార్‌లో వైద్యం జరిగింది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి 1954లో పెట్టిన ఆసుపత్రి. ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్లిరావాలి. తోడు నాన్న. ఏడాదికి నాలుగుసార్లు, ఇద్దరికీ రానూపోనూ అంటే పదహారు టిక్కెట్లు. ప్రతిసారీ పూర్తి ఛార్జీ కట్టి వెళ్తున్నారు. కూతురు లండన్‌లో మూడోవంతు తగ్గింపు కోసం కార్డు కొనుక్కుంది. తల్లికి విజయవాడ కౌంటర్లోనే నూటికి నూరు శాతం రాయితీ ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు.

క్యాన్సర్ రోగి వైద్యానికో, మళ్లీ మళ్లీ చేయించుకునే పరీక్షకో వెళ్తుంటే స్లీపర్, థర్డ్ ఏసీల్లో మూల ఛార్జీ మొత్తం మాఫీ. వెంట వెళ్లే ఒకరికి ఆ రెండు తరగతుల్లోనే 75 శాతం తగ్గింపు. రెండో తరగతిలో, ఏసీ ఛైర్‌కార్‌లో ఇద్దరికీ 75 శాతం. సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో సగం. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములకు మాత్రం రాయితీ లేదు.

ఈ అంకెలు ఇంకోసారి చూడండి. ఒక విశేషం కనిపిస్తుంది. విజయవాడలో పొద్దున్నే బయలుదేరే పినాకినిలో రెండో తరగతి సీటు చెన్నైకి రెండొందల లోపే. అందరికీ చౌకైన టిక్కెట్టు అది. కానీ ఆరేడు గంటలు నిటారుగా కూచోవాలి. రాత్రి బండిలో థర్డ్ ఏసీ బెర్తు మామూలు వాళ్లకు దానికి ఎన్నో రెట్లు. ఈ అమ్మకు మాత్రం మూల ఛార్జీ సున్నా. మిగిలేది రిజర్వేషన్ 40, సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో 45, వాటి మీద పన్ను. ఒంట్లో ఓపిక లేని మనిషి దుప్పటి కప్పుకుని పడుకుని వెళ్లే టిక్కెట్టే ఆమెకు దాదాపు అతి చౌక టిక్కెట్టు. ఇన్నాళ్లూ డబ్బు కలిసొస్తుందని ఆమెను పగటిపూట కూచోబెట్టి తీసుకెళ్తున్న భర్తకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఈ రాయితీ ఫోన్‌లో కనిపించదు. ఆసుపత్రి వాళ్లు రైల్వే నమూనాలో ఉన్న ధ్రువపత్రం మీద సంతకం చేసి, ముద్ర వేసి ఇవ్వాలి. దాన్ని రిజర్వేషన్ కౌంటర్లో ఇచ్చి టిక్కెట్టు తీసుకోవాలి. తత్కాల్ టిక్కెట్టుకి ఇది చెల్లదు. కాబట్టి పరీక్ష అయిపోయి, వచ్చే తేదీ రాసిచ్చిన రోజునే ఆసుపత్రిలో ఆ కాగితం అడగాలి.

"ఏవండీ, అడిగితే ఏమనుకుంటారో..."

"ఏమనుకుంటారే? వాళ్ల దగ్గర ఫారాలు కట్టలుంటాయి. మనమే అడగలేదు."

గుండె ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకు, డయాలసిస్‌కో కిడ్నీ మార్పిడికో వెళ్లేవాళ్లకు, తలసీమియా పిల్లలకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం తగ్గింపు. తోడు వెళ్లేవారికీ అంతే. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం మీదుగా తిరువూరు వెళ్లే వైపు ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను పట్టి పీడిస్తోందో జిల్లాలో అందరికీ తెలుసు. అక్కణ్నుంచి వెల్లూరుకో, హైదరాబాద్‌కో వెళ్లే కుటుంబానికి ఈ 75 శాతం చిన్న మొత్తమేమీ కాదు. వెల్లూరు వెళ్లేవాళ్లు దిగాల్సింది కాట్పాడిలో. ఆ పేరు తెలియక చెన్నై దాకా పోయి వెనక్కి బస్సెక్కినవాళ్లున్నారు.

పెద్దవాళ్ల రాయితీ సంగతి వేరు. అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం ఉండేది. కొవిడ్ మొదలైన రోజుల్లో, 2020 మార్చి 20న ఆపేశారు. కొవిడ్ పోయింది గానీ రాయితీ రాలేదు. పార్లమెంటులో అడిగినప్పుడల్లా, ప్రతి టిక్కెట్టు మీదా ఇప్పటికే సబ్సిడీ ఇస్తున్నామన్నదే జవాబు. రిటైరై పింఛను మీద బతికేవాళ్లకు ఆ జవాబు రుచించదు, రుచించాల్సిన పనీ లేదు. మిగిలిందల్లా కింది బెర్తు. అరవై దాటిన మగవాళ్లు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లు వయసు సరిగ్గా రాస్తే ఖాళీ ఉన్నంతవరకు కింది బెర్తు ఇస్తారు. పెద్దాయన టిక్కెట్టు నలుగురు కుర్రాళ్లతో కలిపి ఒకే ఫారంలో తీసుకుంటే ఆ కోటా అందదు. ఆయనకు విడిగా తీసుకోవాలి.

ఇళ్లకు వెళ్లే విద్యార్థులకు రెండో తరగతి, స్లీపర్‌లలో సగం, ఎస్సీ ఎస్టీ విద్యార్థులకు 75 శాతం తగ్గింపు ఇప్పటికీ ఉంది. ప్రిన్సిపాల్ సంతకంతో ఫారం తెచ్చుకుంటే సరి. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇన్ని కాలేజీలున్నాయి, ఎంతమంది పిల్లలు ఆ ఫారం మొహం చూశారో!

అరవై రోజుల పరుగు

మన దగ్గర మామూలు ఎక్స్‌ప్రెస్‌ల్లో రెండు నెలల ముందు కొన్నా, రెండు రోజుల ముందు కొన్నా ఛార్జీ ఒకటే. బ్రిటన్‌తో పోలిస్తే ఇది పెద్ద మేలు. రాజధాని, శతాబ్ది, దురంతోలకే 2016 సెప్టెంబర్ 9 నుంచి బెర్తులు నిండేకొద్దీ రేటు పెరిగే పద్ధతి పెట్టారు. మిగతా వాటిలో ముందు కొంటే డబ్బు తగ్గదు, బెర్తు దొరుకుతుంది. బెర్తు దొరక్కపోతే తత్కాల్‌కి పోవాలి, స్లీపర్‌కి 100 నుంచి 200, థర్డ్ ఏసీకి 300 నుంచి 400 అదనంగా కట్టాలి. అది కూడా దొరక్కపోతే ప్రైవేటు బస్సువాడు పండగ రేటు చెబుతాడు. కాబట్టి చివరికి ముందు కొన్నదే చౌక.

ముందంటే ఎంత ముందు? 2024 నవంబర్ 1కి ముందు 120 రోజులు. ఆ రోజు నుంచి 60 రోజులే. సంక్రాంతికి జనవరి 12న హైదరాబాద్‌లో బయలుదేరాలంటే నవంబర్ 13 పొద్దున ఎనిమిదింటికి టిక్కెట్లు తెరుస్తారు. ఎనిమిదింపావుకి కిటికీ చూస్తే వెయిటింగ్ లిస్టు దర్శనమిస్తుంది. ఈ హడావుడిలో దళారుల చేతివాటం తగ్గించాలని 2025 జూలై 1 నుంచి తత్కాల్‌కి, అక్టోబర్ 1 నుంచి మామూలు బుకింగ్ మొదటి నిమిషాలకు ఆధార్‌తో సరిచూసిన ఖాతా తప్పనిసరి చేశారు. ఆ సరిచూసుకునే పని నవంబర్ 13 పొద్దున ఏడు యాభై అయిదుకి మొదలుపెట్టేవాళ్లకు ఏ విద్యా పనిచేయదు. పండగ ప్రత్యేక రైళ్లు తర్వాత ప్రకటిస్తారు. నంబరు సున్నాతో మొదలైతే అది స్పెషల్ అని గుర్తు. చాలావాటికి ఛార్జీ ఎక్కువ, వేళకు రావాలన్న పట్టుదల తక్కువ.

వెయిటింగ్ లిస్టులోనూ కులాలున్నాయి. జీఎన్ అక్షరాలతో మొదలయ్యేది బండి బయలుదేరే చోటి నుంచి ఇచ్చే సాధారణ జాబితా. ఖరారయ్యే అవకాశం దీనికే ఎక్కువ. ఆర్ఎల్, పీక్యూ అని ఉంటే అవి మధ్య స్టేషన్లకు విడిగా ఇచ్చిన చిన్న కోటాలు. అందులో అయిదో నంబరు కూడా అలాగే మిగిలిపోవచ్చు. విజయవాడ వాళ్ల అదృష్టం ఏంటంటే పినాకిని, రత్నాచల్, శాతవాహన ఇక్కడే పుడతాయి. చెన్నైకి, విశాఖకు, సికింద్రాబాద్‌కి. ఎక్కడో కలకత్తాలో పుట్టి మన మీదుగా పోయే బండికన్నా వీటిలో విజయవాడ వాడి వెయిటింగ్ బలమైనది. అదీగాక 2025 మే నుంచి వెయిటింగ్ టిక్కెట్టుతో స్లీపర్, ఏసీ పెట్టెల్లో ఎక్కనివ్వడం లేదు. 'ఎలాగోలా సర్దుకుందాం' అన్న పాత ధీమా ఇక వద్దు.

తప్పనిసరి ప్రయాణానికి ఇంకో దారి ఉంది. సికింద్రాబాద్ నుంచి చెన్నైకి టిక్కెట్టు కొని, ఎక్కే చోటు విజయవాడ అని పెట్టుకోవడం. నియమాల ప్రకారం ఒప్పే. మనం తిరగని 350 కిలోమీటర్లకూ డబ్బు కట్టాలి, అది తిరిగి రాదు. ఒకసారి ఎక్కే చోటు విజయవాడ అని మార్చుకున్నాక సికింద్రాబాద్‌లో ఎక్కే హక్కూ ఉండదు. పైగా సికింద్రాబాద్ నుంచి విజయవాడ దాకా ఆ బెర్తు ఖాళీగా పోతుంటే పక్క పెట్టెలో ఎవరో ఒంటికాలి మీద నిలబడి ఉంటారు. ఆసుపత్రికి తేదీ ఉన్నప్పుడు తప్పదు గానీ, పెళ్లి భోజనానికి ఇంత అవసరం లేదు.

తత్కాల్‌లో తేదీ తిరకాసు

తత్కాల్ ఒకరోజు ముందని అందరికీ తెలుసు. ఏసీకి పదింటికి, మిగతా వాటికి పదకొండింటికి. ఎవరి రోజుకు ఒకరోజు ముందు అన్నదే చాలామందికి తెలియదు. మనం ఎక్కే రోజుకి కాదు, బండి పుట్టిన చోట బయలుదేరే రోజుకి!

కోరమాండల్‌నే తీసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం కలకత్తా పక్కన షాలిమార్‌లో బయలుదేరి శనివారం విజయవాడ వస్తుంది. శనివారం ఇక్కడ ఎక్కాలనుకునే వాళ్లకు తత్కాల్ గురువారం తెరుస్తారు. శుక్రవారం పదింటికి తీరిగ్గా కూచున్నవాళ్లకు మిగిలేది ఉసూరుమనడమే. అదే శనివారం పినాకినికి అయితే శుక్రవారమే. బండి ఇక్కడే పుడుతుంది కాబట్టి.

ఇంకో తిరకాసు అర్ధరాత్రి బండ్లది. హైదరాబాద్ నుంచి చెన్నై వైపు వెళ్లే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ విజయవాడకు అర్ధరాత్రి ప్రాంతంలో వస్తుంది. ఇలాంటి బండ్లు పన్నెండు దాటి అయిదు నిమిషాలకు బయలుదేరేలా ఉంటే తేదీ మారిపోతుంది. 'పదో తారీఖు రాత్రి' అనుకుని స్టేషన్‌కి వెళ్తే టిక్కెట్టు మీద పదో తారీఖు వేకువ అని ఉంటుంది, బండి ముందురోజు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. టిక్కెట్టు తీసుకోగానే గోడ క్యాలెండర్ మీద 'ఈ రాత్రి స్టేషన్‌కి పోవాలి' అని రాసుకునే పాత అలవాటే దీనికి మందు. చార్మినార్‌కి ఇంకో సుగుణముంది. సెంట్రల్‌లో ఆగిపోకుండా తాంబరం దాకా పోతుంది. అడయార్ నగరానికి దక్షిణాన ఉంది కాబట్టి ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు ఆటో దూరం తగ్గుతుంది.

ఒక బండి దిగి ఇంకోటి ఎక్కాల్సి ఉంటే రెండు టిక్కెట్ల పీఎన్ఆర్‌లనూ జతచేయించుకోవచ్చు. 2019 ఏప్రిల్ 1 నుంచి ఉన్న సదుపాయం. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ రెండో టిక్కెట్టు డబ్బు కోత లేకుండా తిరిగొస్తుంది. ఇక బండి మూడు గంటలకు మించి ఆలస్యమైతే ప్రయాణం మానుకుని, అది బయలుదేరకముందే దరఖాస్తు పెడితే డబ్బంతా ఇస్తారు. ఇక్కడ మాత్రం బ్రిటన్‌ని చూసి అసూయపడొచ్చు. అక్కడ చాలా రైళ్లు పావుగంట ఆలస్యమైనా టిక్కెట్టులో పావువంతు, గంట దాటితే మొత్తం వెనక్కిస్తాయి. ప్రయాణం చేసి, దిగి, ఇంటికెళ్లాక అడిగినా సరే. మన దగ్గర ఆ పద్ధతి పెడితే రైల్వే బడ్జెట్ ఏమవుతుందో గానీ బండ్లు మాత్రం వేళకొస్తాయి.

చుట్టి వచ్చే టిక్కెట్టు

దూరాన్ని కలిపితే చౌక అన్న సూత్రాన్ని చివరిదాకా లాగితే వచ్చేదే సర్క్యులర్ టిక్కెట్టు. బయలుదేరిన ఊరికే తిరిగొచ్చే యాత్రకు ఇస్తారు. మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగొచ్చు. విజయవాడలో మొదలై చెన్నై, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, తిరువనంతపురం చూసుకుని బెంగళూరు మీదుగా ఇంటికి రావాలనుకుంటే ఒక్కో ఊరికి ఒక్కో టిక్కెట్టు కొనక్కర్లేదు. మొత్తం దూరాన్ని రెండు సగాలు చేసి, ఒక్కో సగాన్నీ ఒక ప్రయాణంగా లెక్కగడతారు. 2,600 కిలోమీటర్లు అయిందనుకుంటే 1,300 చొప్పున రెండు టిక్కెట్ల ఖరీదన్నమాట. ఆరేడు ముక్కలుగా కొన్నదానికన్నా ఇది బాగా తగ్గుతుంది.

ఇది ఫోన్‌లో దొరకదు. దిగే ఊళ్లు, వెళ్లే దారి వరసగా రాసుకుని విజయవాడలోని డివిజన్ కమర్షియల్ విభాగానికో, పెద్ద స్టేషన్‌లో అధికారులకో ఇవ్వాలి. వాళ్లు ఛార్జీ లెక్కగట్టి కాగితమిస్తారు. దాన్ని చూపించి కౌంటర్లో టిక్కెట్టు తీసుకుని, ఒక్కో బండికి బెర్తు విడిగా రిజర్వు చేయించుకోవాలి. రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది. కౌంటర్లో కుర్ర గుమస్తా 'అలాంటి టిక్కెట్టు లేదండీ' అన్నా ఆశ్చర్యపోవద్దు, అడిగేవాళ్లు అంత అరుదు. పైఅధికారిని కలిస్తే పని జరుగుతుంది.

వెనకటి రోజుల్లో కాశీ యాత్రలకు, దక్షిణాది యాత్రలకు ఇలాంటి టిక్కెట్లు గట్టిగానే నడిచేవి. ఇప్పుడు మళ్లీ దక్షిణం వైపు వీలు కుదిరింది. పాంబన్ పాత వంతెన మీద 2022 డిసెంబర్‌లో రాకపోకలు ఆగిపోయాక రైళ్లు మండపంలోనే నిలిచిపోయాయి. యాత్రికులు అక్కడ దిగి రోడ్డు దారిన రామేశ్వరం చేరేవారు. 2025 ఏప్రిల్ 6న కొత్త వంతెన ప్రారంభమయ్యాక బండి మళ్లీ సముద్రం మీదుగా ద్వీపంలోకి పోతోంది. యాత్ర పట్టిక రాసుకునేవాళ్లు దిగే చోటు మండపం అని కాకుండా రామేశ్వరం అనే రాసుకోవచ్చు.